సూర్యుడి ఎత్తు ట్యాలీ కాలేదు

మా మరిది భూమి బల్లపరుపుగా ఉందంటాడు. సరదాకి కాదు, నిజంగానే. తెలివితక్కువవాడేమీ కాదు. ఇంట్లో ఏ మోటారు ఆగినా విప్పి బాగుచేసేది అతనే. అతని వాదనంతా ఒక్క మాట మీద నిలబడుతుంది: "వదినా, మీ కళ్ళతో మీరు చూసిందేదో చెప్పండి. ఎవరో తీసిన ఫొటోలు నాకొద్దు."

నిజం చెప్పాలంటే ఈ షరతు నాకు నచ్చింది. నేను ఆడిటర్‌ని. నా ఉద్యోగం కూడా అదే కదా, ఎవరు ఏం చెప్పినా వోచర్ చూపించమని అడగడం. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఉపగ్రహాల ఫొటోలు లేవు, వ్యోమగాముల మాటలు లేవు. దూరం వెళ్ళే ఓడ కింది నుంచి మాయమవుతుందా లేదా అన్న గొడవ కూడా వద్దనుకున్నాం, అది ఎప్పుడూ ఎవరి కెమెరా జూమ్ ఎంత అన్న దగ్గరే ఆగిపోతుంది. సూర్యుడు, చంద్రుడు మాత్రమే. ఎవరైనా తలెత్తి చూడగలిగినవి, మామూలు సామాన్లతో ఎవరైనా కొలవగలిగినవి.

నా వైపు నుంచి ఒక షరతు పెట్టాను. ముందు అతని లెక్క కాగితం మీద రాయాలి. రాసిచ్చాడు. భూమి పళ్ళెంలా గుండ్రంగా, చదునుగా ఉంటుంది. మధ్యలో ఉత్తర ధ్రువం, అంచు చుట్టూ మంచు గోడగా అంటార్కిటికా. సూర్యుడు దాదాపు 5,000 కిలోమీటర్ల ఎత్తులో, 50 కిలోమీటర్ల వెడల్పుతో, నేలకు సమాంతరంగా తిరుగుతుంటాడు. చంద్రుడూ దాదాపు అంతే ఎత్తు, అంతే సైజు. దగ్గరికొస్తే పగలు, దూరమైతే రాత్రి. బల్లపరుపు భూమిని నమ్మేవాళ్ళలో ఎక్కువమంది చెప్పే అంకెలు ఇవే.

అంకెలు చేతికొచ్చాక మొదట అస్తమయం లెక్క వేశాను. ధ్రువం నుంచి భూమధ్యరేఖకు దూరం 10,000 కిలోమీటర్లని ఇద్దరం ఒప్పుకుంటాం. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజున సూర్యుడు భూమధ్యరేఖ మీదుగా తిరుగుతాడన్నదీ ఒప్పుకుంటాం. ఆ రేఖ మీదే నిలబడ్డ మనిషికి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన, 5,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆరు గంటల తర్వాత, అస్తమించే వేళకు, వృత్తంలో పావు భాగం తిరిగి ఉంటాడు. అప్పుడు నేల మీద దూరం సుమారు 14,140 కిలోమీటర్లు, ఎత్తును కలుపుకుంటే సూటిగా సరిగ్గా 15,000. అంటే మధ్యాహ్నం కంటే మూడు రెట్లు దూరం. ఇక సూర్యుడు మూడో వంతు సైజుకు కుంచించుకుపోవాలి. పైగా దిగంతాన్ని తాకనే కూడదు, దానికి ఇంకా 19 డిగ్రీల పైన వేలాడుతూ ఉండాలి. చేయి బారుగా చాచి, బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా జాన విప్పితే దాదాపు అంత ఎత్తు. అర్ధరాత్రి పళ్ళెం అవతలి వైపున్నప్పుడు కూడా 14 డిగ్రీల పైనే ఉండాలి. అర్ధరాత్రి పూట!

"అది పర్‌స్పెక్టివ్ వదినా. రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనిపించవా?" అన్నాడు. కనిపిస్తాయి. కానీ దూరం వల్ల వస్తువు మొత్తంగా చిన్నదవుతుంది తప్ప, సైజు మారకుండా కింది సగం మాత్రమే మాయమవదు. అస్తమించే సూర్యుణ్ని దిగంతం కింది నుంచి కోస్తుంది. మిగిలిన పై ముక్క వెడల్పు మధ్యాహ్నపు వృత్తానికి సరిపోయేదే. 5,000 కిలోమీటర్ల ఎత్తున్న దీపం తన వెడల్పంత ఎత్తుకు, అంటే అర డిగ్రీకి దిగినట్టు కనిపించాలంటే, అది 5 లక్షల కిలోమీటర్లకు పైగా అవతలికి వెళ్ళాలి. అతని పళ్ళెం ఆ చివరి నుంచి ఈ చివరికి 40,000 కిలోమీటర్లే.

అప్పుడతను ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. సాయంత్రం సూర్యుడు నిజంగానే చిన్నదవుతూ పోతున్నాడు అందులో. మామూలు కెమెరాతో ఫిల్టర్ లేకుండా తీస్తే ఎప్పుడైనా అలాగే వస్తుంది. మధ్యాహ్నం వెలుగు పొంగిపోయి తెల్లటి ముద్దలా కనిపిస్తుంది, సాయంత్రం గాలి మందం వల్ల వెలుగు తగ్గేకొద్దీ ఆ ముద్ద చిన్నదవుతుంది. తగ్గింది వెలుగే, సూర్యుడు కాదు. ఫిల్టర్ వేసి, జూమ్ కదపకుండా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసి పక్కపక్కన పెడితే వెడల్పు మారదు. మేం తీశాం. (సూర్యగ్రహణం కళ్ళజోడు లాంటి సరైన ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు చూడొద్దు. పాత ఎక్స్‌రే ఫిల్ములు, నల్ల కళ్ళద్దాలు పనికిరావు. వాదన గెలిచి కన్ను పోగొట్టుకోవడం దండగ.) దిగంతం దగ్గర సూర్యుడు నిలువుగా కాస్త నొక్కుకుపోయినట్టు కనిపించిన మాట నిజం. "చూశారా, మారాడు" అని అక్కడ పట్టుకున్నాడు. గాలి కింది అంచును పై అంచుకంటే ఎక్కువగా పైకెత్తి చూపిస్తుంది, అందుకే ఆ నొక్కు. అడ్డం కొలత మాత్రం అలాగే ఉంది. అతను కొలిచాడు, నేను కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. బల్లపరుపు వాదనలో నాకు నిజంగా గౌరవం కలిగించిన పాయింట్ ఒకటుంది, దాన్ని మా మరిదే లేవనెత్తాడు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కథ అందరం చదువుకున్నదే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, సూర్యుడు ఈజిప్టులోని సియీన్‌లో నడినెత్తిన ఉన్న రోజున, అలెగ్జాండ్రియాలో నిలువు కర్రకు 7.2 డిగ్రీల కోణంలో నీడ పడింది. అది వృత్తంలో 50వ వంతు కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని 50తో గుణిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. దీనికి అతని జవాబు: "నేల చదునుగా ఉండి, సూర్యుడు దగ్గర్లో ఉన్నా అదే నీడ పడుతుంది కదా?" పడుతుంది. ఒక్క కర్రకు నీడ లేకపోవడం, రెండో కర్రకు 7.2 డిగ్రీల నీడ ఉండటం, ఈ రెండింటితోనే అయితే ఏ లెక్కైనా కుదురుతుంది. ఊళ్ళ మధ్య 800 కిలోమీటర్లు వేసుకుంటే, చదును నేల మీద సూర్యుడి ఎత్తు 6,300 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. తప్పు పట్టడానికేం లేదు.

కానీ కర్రలు రెండే ఎందుకు ఉండాలి?

విషువత్తు రోజు మధ్యాహ్నం సూర్యుడు ఏ ఊళ్ళో ఎంత ఎత్తున కనిపిస్తాడో లెక్క చాలా సులువు. 90 నుంచి ఆ ఊరి అక్షాంశం తీసేయడమే. ఇది ఎవరి కుట్రా కాదు. నావికులు సూర్యుణ్ని కొలిచి తామెక్కడున్నదీ తెలుసుకున్నది ఈ లెక్కతోనే, అది తప్పయితే తీరం చేరేవాళ్ళు కాదు. మా మరిది దీన్ని వెంటనే ఒప్పుకున్నాడు. ఒక అక్షాంశ డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున దూరం కూడా ఒప్పుకున్నాడు. సరే, ఒక్కో చోట నుంచి సూర్యుడి ఎత్తు నువ్వే కట్టు అని క్యాలిక్యులేటర్ అతని చేతికిచ్చాను.

15వ అక్షాంశం దగ్గర సూర్యుడు 75 డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు, భూమధ్యరేఖకు దూరం 1,670 కిలోమీటర్లు. చదును నేల మీద లెక్క కడితే సూర్యుడి ఎత్తు 6,200 కిలోమీటర్ల పైచిలుకు. 30వ అక్షాంశం నుంచి కట్టాడు, దాదాపు 5,800. 45 నుంచి కడితే 5,000 వచ్చింది, అతని మొహం వెలిగింది. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే అంకె అదే మరి. ఆగకు, ఇంకా పైకి వెళ్ళు అన్నాను. 60 దగ్గర 3,850. 75 దగ్గర 2,230. 80 దగ్గర 1,570.

అదే రోజు, మిట్టమధ్యాహ్నం, ఒకే సూర్యుడు. ఎత్తు మాత్రం అడిగిన ప్రతి చోటా వేరు.

ఆఫీసులో దొంగ లెక్కలు పట్టుబడేది ఎప్పుడూ ఒక పేజీలో కాదు. ఏ పేజీకి ఆ పేజీ చక్కగా సరిపోతుంది, కూడికలు కూడా తప్పుండవు. రెండు లెడ్జర్లు పక్కపక్కన పెట్టినప్పుడే బయటపడుతుంది. బల్లపరుపు భూమి కూడా నాకు అలాగే కనిపించింది. ఒక్కో ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబులన్నీ ఒకేసారి నిజం కాలేవు, అదే చిక్కు. సూర్యుణ్ని ఎంతో దూరం పంపించి నేలను వంచండి, పై అంకెలన్నీ ఒకే వ్యాసార్ధానికి, 6,371 కిలోమీటర్లకు వచ్చి కూర్చుంటాయి. ఒక్క ఊరు కూడా తేడా రాదు.

ఆ సాయంత్రం అతను పెద్దగా మాట్లాడలేదు. మర్నాడు "వెలుగు వంగుతుందేమో" అన్నాడు. ఏ ఊళ్ళో ఎంత వంగుతుందో లెక్క అడిగాను. నేల గుండ్రంగా ఉన్నట్టు కనిపించడానికి సరిగ్గా ఎంత కావాలో అంత వంగాలి, ప్రతి చోటా. అది వెలుగు గురించిన సిద్ధాంతం కాదు, ట్యాలీ కోసం రాసుకున్న ఎంట్రీ.

చంద్రుడి దగ్గర వాదన ఇంకా సరదాగా సాగింది. చంద్రుడిది సొంత వెలుగని, సూర్యుడిది కాదని అతని వాదన. రుజువు: వెన్నెల చల్లబరుస్తుంది! రెండు థర్మామీటర్లు తీసుకుని ఒకటి వెన్నెల్లో, ఒకటి గొడుగు నీడలో పెట్టమన్నాడు. పెట్టాం. వెన్నెల్లోది నిజంగానే తక్కువ చూపించింది. "ఇప్పుడేమంటారు?" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమావాస్య దాకా ఆగమన్నాను. చంద్రుడే లేని రాత్రి, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు అదే గొడుగు, అవే థర్మామీటర్లు పెట్టాం. ఆరుబయట పెట్టిందే మళ్ళీ చల్లగా ఉంది. ఆరుబయట ఉన్న వస్తువు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, గొడుగు కింద ఉన్నదానికి గొడుగు కాస్త వేడిని తిరిగి ఇస్తుంది. పాపం, ఇందులో చంద్రుడి పాత్రేమీ లేదు. నిండు పున్నమి చంద్రుడి వెలుగు సూర్యుడిలో సుమారు నాలుగు లక్షలవ వంతు, దానితో వేడెక్కేదీ లేదు, చల్లబడేదీ లేదు. ఈ ఒక్క విషయంలో మా మరిది పూర్తిగా ఒప్పుకున్నాడు, ఎందుకంటే రీడింగులు రాసుకుంది అతనే.

సొంత వెలుగు వాదనకు ఇంతకంటే గట్టి జవాబు బైనాక్యులర్‌లో ఉంది. అష్టమి ప్రాంతంలో సగం చంద్రుడున్నప్పుడు వెలుగుకీ చీకటికీ మధ్య ఉన్న గీత వెంబడి చూడండి. అక్కడ గుంతలన్నీ లోతుగా, నల్లటి నీడలతో కనిపిస్తాయి. తర్వాత రెండు రోజులకు కోపర్నికస్ అనే గుంత, 93 కిలోమీటర్ల వెడల్పుది, ఆ గీత మీదికి వస్తుంది. మొదట దాని అడుగంతా చీకటి. మర్నాటి నుంచి రోజురోజుకీ గోడ నీడ కురచ అవుతూ వస్తుంది. పున్నమికి నీడలే ఉండవు, చంద్రుడంతా చదునుగా సున్నం కొట్టినట్టు ఉంటుంది. పున్నమి దాటాక నీడలు రెండో వైపు పడతాయి. దానంతటది వెలిగే వస్తువు మీద దాని గుంతల నీడలు ఇలా పొద్దును బట్టి పొడవు మార్చుకోవు. అక్కడ సూర్యోదయం అవుతోంది, మనం ఇక్కడ నుంచి చూస్తున్నాం. నాకు ఇది వాదన కోసం కాకపోయినా చూడాలనిపిస్తుంది.

బైనాక్యులర్ లేనివాళ్ళకు బంతి చాలు. పగటిపూట చంద్రుడు కనిపించే రోజున, ఎండలో నిలబడి ఒక తెల్లటి బంతిని చంద్రుడి పక్కన కనిపించేలా చేయి చాచి పట్టుకోండి. బంతి మీద ఎండ పడిన భాగం ఏ ఆకారంలో, ఏ వాలులో ఉందో చంద్రుడూ అదే ఆకారంలో, అదే వాలులో ఉంటాడు. చేతిలోని బంతికీ చంద్రుడికీ వెలుగు ఒకే దిక్కు నుంచి వస్తోందంటే సూర్యుడు చంద్రుడికంటే చాలా చాలా దూరంలో ఉండాలి. ఇద్దరూ 5,000 కిలోమీటర్ల ఎత్తులో పక్కపక్కన తిరుగుతుంటే ఇది కుదరదు. అసలు ఆ లెక్కలో పున్నమే రాదు. పక్క నుంచి వెలుగు పడే బంతిని కింద నుంచి చూస్తే నిండుగా ఎలా కనిపిస్తుంది?

దక్షిణార్ధగోళంలో ఉంటున్న నా స్నేహితురాలు అదే రాత్రి తీసిన చంద్రుడి ఫొటో పంపింది. మాకు కనిపించినదానికి తలకిందులుగా ఉంది. ఇదే రుజువు అని చాలామంది ఎగిరి గంతేస్తారు, తొందరపడకూడదు. పైకప్పుకు అంటించిన బొమ్మను గదికి ఈ చివర నుంచి, ఆ చివర నుంచి చూసినా తలకిందులుగానే కనిపిస్తుంది, మా మరిది సరిగ్గా అదే అన్నాడు. కానీ ఆ బొమ్మ గది మూల నుంచి చూస్తే కోడిగుడ్డులా నొక్కుకుపోతుంది. చంద్రుడు ఎవరికీ అలా కనిపించడు. పోనీ బంతే అనుకుంటే, 5,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న బంతిని చెరో వైపు 5,000 కిలోమీటర్ల దూరం నుంచి చూసే ఇద్దరికి 90 డిగ్రీల తేడాతో వేర్వేరు ముఖాలు కనిపించాలి. మా రెండు ఫొటోల్లో ఒకదాన్ని తిప్పి పక్కన పెడితే మచ్చ మచ్చా కలిసింది. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంటేనే అలా కలుస్తుంది.

గ్రహణం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ కొత్తగా చెప్పేదేం లేదు. భూమి నీడ అంచు చంద్రుడి మీద ఎప్పుడూ వంపుగానే పడుతుందని అరిస్టాటిల్ రాశాడు. చంద్రుణ్ని కప్పేది భూమి నీడేనని ఆర్యభటుడు 499లో స్పష్టంగా చెప్పాడు, కడిమి పువ్వు బొండు చుట్టూ రేకులున్నట్టు భూగోళం చుట్టూ జీవులున్నాయని కూడా. "పళ్ళెం నీడ కూడా గుండ్రమే" అన్నాడు మా మరిది. సూర్యుడు పళ్ళేనికి సరిగ్గా కింద ఉన్నప్పుడు మాత్రమే. 2025 సెప్టెంబరు 7 నాటి సంపూర్ణ గ్రహణం ఒకే సమయంలో యూరప్‌లో చంద్రోదయం వేళ, భారత్‌లో అర్ధరాత్రికి కాస్త ముందు, ఆస్ట్రేలియా తూర్పున తెల్లవారుజామున కనిపించింది. ఎక్కడ చూసినా అదే వంపు నీడ. ఇక గ్రహణం పట్టిన చంద్రుడూ సూర్యుడూ ఒకేసారి దిగంతం మీద కనిపిస్తారన్నది వాళ్ళ పెద్ద ఆయుధం. కనిపిస్తారు, కొన్ని నిమిషాలు. దిగంతం దగ్గర గాలి ఇద్దర్నీ చెరో అర డిగ్రీ పైకెత్తి చూపిస్తుంది. అర డిగ్రీ అంటే వాళ్ళ వెడల్పంత. అంతకంటే ఎత్తున ఇద్దరూ ఉండగా గ్రహణం పట్టిన సంగతి ఎవరైనా చూపిస్తే నేను వాదన మానేస్తానన్నాను.

2024 డిసెంబరులో విల్ డఫీ అనే అమెరికన్ పాస్టర్ బల్లపరుపు వాదులను కొందరిని అంటార్కిటికాలోని యూనియన్ గ్లేసియర్‌కు తీసుకెళ్ళాడు. అక్కడ సూర్యుడు 24 గంటలూ అస్తమించకుండా చుట్టూ తిరగడం వాళ్ళు చూశారు. మంచు గోడ మీద నిలబడ్డవాడికి అది జరగడానికి వీల్లేదు. యూట్యూబ్‌లో ఎన్నో ఏళ్ళు బల్లపరుపు వాదన వినిపించిన జెరన్ కాంపనెల్లా అది నిజమేనని ఒప్పుకున్నాడు. నేను దీన్ని వాడుకోలేదు. మా కళ్ళతో చూసింది కాదు కదా, ఒప్పందం ఒప్పందమే. మా మరిది మాత్రం తనంతట తనే ఎత్తి, "వాళ్ళు అమ్ముడుపోయారు" అన్నాడు.

దీనికంటే పాత కథ ఒకటి నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది. 1870లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్, డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం చెప్పినాయన, జాన్ హాంప్డెన్ అనే బల్లపరుపు వాదితో 500 పౌండ్ల పందెం కట్టాడు. ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ కాలువ మీద ఆరు మైళ్ళ పొడవున నీటి వంపు చూపించి గెలిచాడు. హాంప్డెన్ ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి వాలెస్‌ను దొంగా, మోసగాడా అని ఉత్తరాలు రాశాడు, ఆయన భార్యకు బెదిరింపు రాశాడు, జైలుకు కూడా వెళ్ళొచ్చాడు. డబ్బు పందెం పెట్టడమే వాలెస్ చేసిన పొరపాటని నా అభిప్రాయం. ఓడిపోతే జేబు ఖాళీ అయ్యేచోట ఎవడూ కళ్ళు తెరిచి చూడడు. మా ఇద్దరి మధ్య పందెం లేదు, వీడియో తీసి ఎక్కడా పెట్టేదీ లేదు. అందుకే రీడింగులు అతనే రాసుకుంటున్నాడనుకుంటా.

ప్రస్తుతం ఎక్కడున్నామంటే: వచ్చే విషువత్తు రోజున సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడో ముందే రాసిమ్మన్నాను. "ఇదేం ప్రశ్న వదినా, తూర్పున" అని నవ్వుతూ రాసి సంతకం కూడా పెట్టాడు. సరే, ఇప్పుడు నీ పళ్ళెం మ్యాప్ తెచ్చి, మనమున్న చోట ఒక చుక్క, మధ్యాహ్నానికి ఆరు గంటల ముందు సూర్యుడున్న చోట ఇంకో చుక్క పెట్టి, స్కేలుతో గీత గీయమన్నాను. గీశాడు. గీత ఈశాన్యం వైపు వెళ్ళింది. భూమధ్యరేఖ మీదున్నవాళ్ళకైతే సరిగ్గా 45 డిగ్రీల తేడా, మనకు కాస్త తక్కువ. స్కేలు మార్చి మళ్ళీ గీశాడు. మ్యాప్ తిప్పి ఇంకోసారి గీశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ వీడియోలు చేసే ఆయన్ని అడిగి చెప్తానన్నాడు.

ఆ వీడియోలాయన ఇంకా జవాబివ్వలేదట. మా మరిది దిక్సూచి ఒకటి కొన్నాడు.